బస్సెక్కిన రొట్టెలు

పొద్దున్నే సజ్జ రొట్టెలు కొడుతుంటే మా ఆయన స్టీఫెన్ మంచం మీది నుంచే యంత్రం గురించి మొదలుపెట్టాడు. రొట్టెలు కడక్‌గా, కరకరలాడేలా కాల్చి, పొట్లాలు కట్టి అమ్ముదామన్న ఆలోచన నాది. మా మహిళా సంఘం సరేనంది. మా ఊరు కోడేరు నుంచి బొంబాయి పనులకు పోయేవాళ్లు సంచిలో ఈ రొట్టెలు కట్టుకునే పోతారు. కానీ ఎలా అమ్మాలో ఆయనకే తెలుసట. యంత్రం పెట్టి, ఒకే రకం గుండ్రటి రొట్టెలు రోజంతా చేయాలట. వచ్చే సోమవారం యంత్రానికి బయానా, అదే అడ్వాన్సు, ఇచ్చేస్తానన్నాడు. ఇన్నేళ్లు నేను చేతులతో కొట్టిన రొట్టె ఎవరికీ పనిలా కనిపించలేదు. అదే బజారుకు పోతుందనగానే ఇంట్లో అందరికీ తెలివి పుట్టుకొచ్చింది. మా అత్త పెంటమ్మ కూడా, ఆడోళ్లకు యాపారమేం తెల్సు, వాడు చెప్పినట్టు ఇను అంది. ఆమె బతుకంతా పొయ్యి ముందే గడిచింది. నాకు ఒళ్లు మండింది.

ఏది అమ్ముడుపోతుందో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. తెలియనప్పుడు అంతా ఒక్కదాని మీదే పెట్టడమెందుకు? కొంచెం కొంచెంగా మూడు రకాలు చేశాం: నువ్వులద్దినవి, కారం కలిపినవి, బెల్లం వేసినవి. మా సంఘంలోని సరోజ పనికని బొంబాయి బస్సెక్కుతుంటే ఆమె సంచిలో పెట్టాను. అక్కడ అందరికీ పంచి, ఎట్లున్నాయో దాచకుండా చెప్పమన్నాను.

నాలుగు రోజులకు ఫోన్ చేసింది. బెల్లంవి బూజు పట్టాయట. మిగతావి బస్సు కుదుపులకు ముక్కలు ముక్కలయ్యాయట. పక్కనే ఉండి విన్న స్టీఫెన్ నవ్వాడు. నా మొహం మాడిపోయింది. సరోజ మాత్రం ఆగలేదు.

"కారంవి మస్తున్నయి కృపా. ముక్కల్ల పెరుగేసి కలుపుకుంటే అయిపాయె, పొద్దుగాల పొయ్యి ముట్టియ్యనీకి లేసేదే లేదు. ఆడోళ్లందరం జర సేపు ఎక్కువ పంటున్నం. గవే పంపు, ముక్కలే పంపు."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అక్కడా అందరికంటే ముందు లేచేది ఆడవాళ్లేనన్న సంగతి నాకెందుకు తట్టలేదో. నా రొట్టె వాళ్లకు ఇంత నిద్ర ఇచ్చింది, ఇంకేం కావాలి?

సంఘంలో అందరం కూర్చుని, కారం ముక్కలే చేద్దాం, కొన్నాళ్లు చూసి పెంచుదాం అనుకున్నాం. ఆయన బయానా ఇచ్చేలోగానే యంత్రాలమ్మే మనిషికి నేనే ఫోన్ చేసి వద్దన్నాను.

ఆ సంగతి తెలిసి స్టీఫెన్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎవర్ని అడిగి వద్దన్నవ్?"

"తిన్నోళ్లను అడిగిన."