మొదటి చెయ్యి

ఇసుక లారీ వచ్చే రోజు అక్క పొద్దున్నే పళ్ళు తోముకునేది కాదు. దెబ్బ తిన్నాక ఎన్ని మిగులుతాయో చూసుకుని తోముకుంటానులే అనేది. చెల్లెలు కుట్టుమిషను ముందు కూర్చుని, బడిపిల్లల చొక్కాలకి కాలర్లు కుడుతూ, నవ్వాలో ఏడవాలో తెలియక దారం కొరికేది.

ఆ ఊళ్ళో ఏరు కొడుతుంది. తవ్వుతున్నంతసేపూ ఏమీ అనదు. ఇల్లు కట్టేచోట ఇసుక కుప్ప పోశాక, అందులో మొదట చెయ్యి పెట్టినవాళ్ళని కొడుతుంది. తట్టెడు ఇసుకయితే చెంపదెబ్బ, బండెడయితే పిడిగుద్దు. పారతో కదిపితే పార పట్టుకున్నవాడికి తగులుతుంది. తోలు తొడుగులు వేసుకుని చెయ్యి పెట్టిన తెలివైనవాడొకడికి తొడుగుల్లోనే వేళ్ళు విరిగాయి. ఒకసారి కొట్టాక ఇక ఆ కుప్ప జోలికి రాదు, ఎవరైనా వాడుకోవచ్చు. పూర్వం ఎవరిల్లు కట్టుకుంటే వాళ్ళే ముట్టేవారు. ఉబ్బిన దవడతోనే కొత్త ఇంట్లో కాలు పెట్టేవారు. అందుకే ఇళ్ళు చిన్నవిగా ఉండేవి.

తర్వాత కాంట్రాక్టరు వచ్చాడు. ఉన్నవాళ్ళు దెబ్బలెందుకు తినాలి అని ఆయనకి తోచింది. తోచడమే తరువాయి, తినడానికొక మనిషిని పెట్టుకున్నాడు. ఆ మనిషే అక్క. అమ్మా నాన్నా పోయి, చెల్లెల్ని పెంచే దారి లేక ఒప్పుకుంది. ఊరంతా ఆమెని మొదటిచెయ్యి అని పిలిచేవారు. ఇళ్ళు మేడలయ్యాయి, బండ్లు పోయి లారీలొచ్చాయి. అక్కకి ముందు పళ్ళు పోయాయి, తర్వాత పక్కటెముకలు విరిగాయి, ఒక చెవి వినిపించడం మానేసింది. మేడల్లో వాళ్ళు మాత్రం బాల్కనీలో నిలబడి ఏటిగాలి హాయిగా ఉందని మెచ్చుకునేవారు.

ఏరేమన్నా సుఖంగా ఉందా? ఇసుక పోయినకొద్దీ నీళ్ళు అడుక్కి దిగిపోయి గట్టు మీద బావులెండిపోయాయి. తవ్విన గుంటల్లో దిగిన పశువులు మళ్ళీ పైకి రాలేదు. ఏరు నీరసించినకొద్దీ దెబ్బ బలిసింది. పోయిన లారీకి అక్క చేతులు రెండూ విరిగాయి. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. మేస్త్రీ తన తువ్వాలు చుట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. కాంట్రాక్టరు రక్తం పడ్డ ఇసుకని పక్కకి తీయించాడు, సిమెంటు పట్టదేమోనని.

ఆస్పత్రిలో వేసిన పిండికట్లు విప్పకుండానే ఆఖరి అంతస్తుకి ఇసుకొచ్చింది. ఏట్లో రాయి తేలేదాకా ఊడ్చి తెచ్చారు. కాంట్రాక్టరు నేరుగా ఇంటికొచ్చాడు.

"ఏమ్మా, ఆ మిషను ఆపి ఒకసారి రా. చిటికెలో పని," అన్నాడు చెల్లెలితో.

"దాని జోలికి రాకండి బాబూ," అంది అక్క. "పోయినసారే చావు అంచుదాకా వెళ్ళొచ్చాను. ఈ దెబ్బకి మనిషి మిగలదు."

"మరి ఇన్నాళ్ళూ మీ పొయ్యి ఎవరివల్ల వెలిగింది?"

చెల్లెలు లేచి నిలబడింది. "నేనే వస్తాను. నాకోసం నువ్వు ఎన్ని తిన్నావక్కా. ఒక్కటి నేను తింటే ఏం?"

"నోర్ముయ్. నువ్వు తినకూడదనే నేను తిన్నాను," అని అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

కాంట్రాక్టరు విరిగిన చేతి మీదే కొట్టి ఆమెని పక్కకి నెట్టాడు. అక్క పెట్టిన కేక విని చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. చస్తే రానంది. ఆయన జుట్టు పట్టుకుని వీధి పొడుగునా ఈడ్చుకెళ్ళాడు.

కుప్ప దగ్గర మేస్త్రీ, కూలీలు, మేడలో ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు నిలబడి ఉన్నారు. అక్క వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

"ఇందులో ఉండబోయేది మీరేగా," అంది వాళ్ళతో. "అందరూ ఒకేసారి తలా ఒక చెయ్యి పెట్టండి. పంచుకుంటే ఎవరూ చావరు."

"మా ఒంటికి అలాంటివి పడవమ్మా," అన్నాడొక పెద్దమనిషి పొట్ట నిమురుకుంటూ.

కాంట్రాక్టరు చెల్లెల్ని బోర్లా పడేసి, వీపు మీద మోకాలు పెట్టి, ఆమె మణికట్టు పట్టుకుని కుప్ప వైపు లాగాడు. ఆమె ఆయన చేతిని రక్తం వచ్చేలా కొరికింది. ఆయన ఆమె మొహాన్ని నేలకేసి కొట్టాడు. చెల్లెలి వేళ్ళు ఇసుకకి జానెడు దూరంలో ఉండగా, అక్క రెండు పిండికట్లూ ఎత్తి ఆయన మెడ మీద కొట్టింది. కట్లు పగిలాయి. ఆయన ముందుకి తూలాడు. పడేవాడు చెయ్యి ఊతం వేసుకోకుండా ఉంటాడా? ఆయన చెయ్యి మోచేతిదాకా ఇసుకలోకి దిగింది.

ఏరు కొట్టింది. రొమ్ము ఎముకలు విరిగిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. మనిషి ఎగిరి సగం కట్టిన గోడకి తగిలి, నెత్తురు కక్కుకుంటూ కింద పడ్డాడు. కాసేపు కాళ్ళు తన్నుకున్నాడు, అంతే. మేస్త్రీ ఒక గోనె తెచ్చి కప్పాడు. పాపం పండిందన్నవాళ్ళున్నారు గానీ అయ్యో పాపం అన్నవాళ్ళు లేరు.

అంతలో ఇంకో లారీ వచ్చి ఆగింది.

"ఎక్కడ పొయ్యమంటారు?" అన్నాడు డ్రైవరు.

అలవాటు చొప్పున అందరూ అక్క వైపు చూశారు. ఆమె చేతులు వేలాడుతున్నాయి. చెల్లెలి వైపు చూశారు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇల్లు మీది కదండీ," అన్నాడు మేస్త్రీ పెద్దమనిషితో. "మరి రండి."

"ఆ ఆఖరి అంతస్తు లేకపోతే మాత్రం ఏం పోయింది," అని ఆయన మెల్లిగా జారుకున్నాడు. మిగతావాళ్ళకీ ఇళ్ళ దగ్గర పనులు గుర్తొచ్చాయి.

"మరి దీన్నేం చెయ్యను?" అన్నాడు డ్రైవరు.

"ఎక్కణ్ణించి తెచ్చావో అక్కడే పొయ్యి నాయనా," అంది అక్క.

లారీ వెనక్కి తిరిగి ఏటి దారి పట్టింది. అక్కాచెల్లెళ్ళు ఇటుకల మీద కూలబడ్డారు. చెల్లెలు ముక్కునుంచి కారే రక్తాన్ని పట్టించుకోకుండా, అక్క చేతులు తన ఒళ్ళోకి తీసుకుని పట్టుకుంది. కాసేపటికి ఏటి వైపునుంచి ఇసుక జారి పడుతున్న చప్పుడు వినిపించింది. అక్క కళ్ళు గట్టిగా మూసుకుని, తల భుజాల్లోకి ముడుచుకుని, కాచుకుని కూర్చుంది.

దెబ్బ రాలేదు.