పెరిగే గడి

ఆడపడుచు చేతికి హస్తవాసి ఉందని ఆఫీసంతా నమ్మింది. ఆమె తయారుచేసిన ఫారంలో మొర పెట్టుకుంటే పని జరిగి తీరుతుందనీ, వదినగారి ఫారంలో పెట్టుకుంటే గోడకు చెప్పుకున్నట్టేననీ అద్దెదారులు మెట్ల మీద చెప్పుకునేవారు. హస్తవాసి అన్నది సాధారణంగా వైద్యుల విషయంలో వినబడే మాట. అదే మందు ఒకరిస్తే తగ్గుతుంది, మరొకరిస్తే తగ్గదు అంటారు. తగ్గనివాళ్ళు తిరిగొచ్చి సాక్ష్యం చెప్పరు కనుక ఆ నమ్మకానికి ఆయుష్షు ఎక్కువ. కంప్యూటరులో గీసిన ఫారానికి కూడా దాన్ని అంటగట్టడం మాత్రం అదే మొదలు.

ఇళ్ళు కట్టి అద్దెకివ్వడం ఆ సంస్థ పని. పైకప్పు కారినా కిటికీ ఊడినా అద్దెదారు కంప్యూటరులో ఫారం నింపి పంపాలి. తూర్పు వాడకు వదిన గీసిన ఫారం, పడమటి వాడకు ఆమె భర్త చెల్లెలు గీసిన ఫారం. రెండూ చేరేది ఒకే ఇంజనీరు దగ్గరకు. "వెంటనే చూడాలి" అనో, "వివరాలు చాలవు" అనో తేల్చేది ఆయనే. నెలాఖరు సోమవారం జరిగే మీటింగులో రెంటిలో ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేస్తామనీ, నిలిచిన ఫారం ఎవరిదైతే వారే ఫారాల విభాగానికి పెద్ద అవుతారనీ మేనేజరు ప్రకటించారు. బస్సు సీటు మీద చేతిరుమాలు వేసినట్టు, ఆ పెద్ద కుర్చీ మీద వదిన ఎప్పుడో తన మనసు వేసి ఉంచింది.

అసలు బాధ ఏమిటంటే, ఆడపడుచును ఆ ఆఫీసుకు తెచ్చింది వదినే. ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎందుకని మేనేజరుతో మాట్లాడి, పక్కన కూర్చోబెట్టుకుని, ఫారంలో గడి ఎలా పెట్టాలో, గీత ఎంత మందం ఉండాలో దగ్గరుండి నేర్పింది. ఏకులా వచ్చిన పిల్ల మేకై కూర్చుంది.

వదినకు ఆఫీసులో కొలబద్ద అని పేరు. ఆమె ఫారం ఒకే ఒక్క పేజీ. గడులు వరుస తప్పవు. "మీ ఇబ్బంది వివరించండి" అన్న గడి మూడు వేళ్ళ ఎత్తు ఉంటుంది. అంతకు మించి రాస్తే అక్షరాలు లోపల్లోపలే పైకి జరుగుతాయి తప్ప గడి మాత్రం వెంట్రుకవాసి కదలదు. ఆ క్రమశిక్షణే ఆమె గర్వం. ఆడపడుచు ఫారంలో అదే గడి రాసేకొద్దీ కిందికి పెరుగుతుంది. కిందివి సర్దుకుని చోటిస్తాయి. ఒక్కోసారి సంతకం గడి రెండో పేజీలోకి పోయి పడుతుంది.

"ఇదేం పద్ధతి? పులిసిన పిండిలా పొంగుతోంది!" అంది వదిన, దాన్ని మొదటిసారి చూసినప్పుడు.

"ఏం చెయ్యను వదినా? సరిచూసుకోడానికి అమ్మని కూర్చోబెట్టి, నీ కష్టమేదో చెప్పు, టైపు కొడతానన్నాను. వంటింటి కుళాయితో మొదలెట్టి మా తాత పెళ్ళిదాకా వెళ్ళింది. ఆవిడ మాటకి ఏ గడి ఆగుతుంది చెప్పు?"

"నేనైతే 'కుళాయి కారుతోంది' అని కొట్టి చూస్తాను. చక్కగా పడుతుంది."

"నీకు పడుతుంది. నువ్వు రెండు ముక్కల మనిషివి. అందుకే అమ్మకి నువ్వంటే హడలు."

ఆ పిల్ల నవ్వుతూనే అంది. ఆ నవ్వు వదినకు గుచ్చుకుంది. అత్తగారు అంతసేపు మాట్లాడిందన్న సంగతి ఇంకా లోతుగా గుచ్చుకుంది. కోడలి దగ్గర ఆవిడ "ఆ", "ఊ" దాటదు. ఇంట్లో ఎలాగూ ఉన్న గారాబం ఇప్పుడు ఆఫీసుకు కూడా వచ్చి కూర్చుంది.

తూర్పు వాడలో ఉండే ముసలి దర్జీ ఒకరోజు వచ్చి వదిన బల్ల ముందు నిలబడ్డాడు.

"తల్లీ, ఆ చిన్నమ్మగారి ఫారం ఒకటి ఇప్పించరూ?"

"మీది తూర్పు వాడ. మీ ఫారం ఇదే."

"ఇది పంపిన ప్రతిసారీ గోడకి కొట్టిన బంతిలా తిరిగొస్తోందమ్మా. ఆ పిల్ల చెయ్యి మంచిదంట."

"ఫారం చేత్తో రాసేది కాదండీ, కంప్యూటరులో చేస్తాం."

"కంప్యూటరుని ముట్టుకునేది చెయ్యేగా తల్లీ!"

వెనుక బల్లల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. వదిన దర్జీని పంపేసి తన ఫారం తెరిచింది.

ఆ వారంలోనే ఆమె తన ఫారానికి లేతాకుపచ్చ రంగు వేసింది. పైన "నమస్కారం" చేర్చింది. అక్షరాల సైజు పెంచింది. అన్నీ ఆడపడుచు ఫారంలో ఉన్నవే. అడిగితే తనకే తోచాయని చెప్పడానికి సిద్ధపడింది. గడి జోలికి మాత్రం పోలేదు. అది కూడా తీసుకుంటే ఓడినట్టు ఒప్పుకోవడమే. తూర్పు వాడ ఫారాలు ఎప్పటిలాగే తిరిగొచ్చాయి.

"చెల్లి బాగా పైకొస్తోందటగా?" అన్నాడు భర్త, భోజనాల దగ్గర.

"రాక ఏం చేస్తుంది? నిచ్చెన నేనేగా!"

అత్తగారు తల వంచుకుని తిన్నది. భర్త నీళ్ళు తాగాడు.

ఆడపడుచు ఇంజనీరుతో కలిసి టీ తాగడం అంతకుముందే వదిన కంటబడింది. ఇప్పుడు ఆ టీకి కొత్త అర్థం పుట్టింది. హస్తవాసి లేదు, పాడూ లేదు. ఆయన మొహమాటంతో ఆ పిల్ల ఫారాలకి సై అంటున్నాడు! అసూయలో పుట్టిన అనుమానమే అయినా, దాన్ని పరీక్షకు పెట్టిన తీరు మాత్రం మెచ్చుకోదగింది. దర్జీ మళ్ళీ పంపిన మొరను ఆమె అక్షరం పొల్లుపోకుండా ఆడపడుచు ఫారంలోకి ఎక్కించి, పడమటి వాడలో ఖాళీగా ఉన్న ఒక ఇంటి నంబరు వేసి పంపింది. మొర ఒకటే, తీర్పరి ఒకడే. తేడా ఫారంలోనే.

శుక్రవారం జవాబులు వచ్చాయి. దర్జీకి "వివరాలు చాలవు". ఖాళీ ఇంటికి "వెంటనే చూడాలి".

వదిన ఇంజనీరు గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళింది.

"ఒకటే మొర. కావాలని రెండు ఫారాల్లో నేనే పంపాను. ఒకదానికి సరేనన్నారు, ఒకదాన్ని తిప్పికొట్టారు. మా ఆడపడుచు మీకేమవుతుందేంటి?"

ఇంజనీరు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. "రెండూ ఒకటేనా? నాకలా అనిపించలేదే! ముందు కూర్చోండి."

కట్టలోంచి రెండు కాగితాలు లాగి ఆమె ముందు పరిచాడు. "నేను తెర మీద చదవనండీ. అన్నీ ప్రింటు తీసి, కాగితం మీదే చదివి తేలుస్తాను. వెళ్ళాల్సిన ఇంటికి ఆ కాగితమే పట్టుకెళతాను."

ఆడపడుచు ఫారంలో దర్జీ మాటలన్నీ ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో మర్యాదగా బతకడం, ఎవరితోనూ మాటపడకపోవడం, ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించమనడం. ఆ తర్వాత, గోడ తడిసి కుట్టుమిషను ముట్టుకుంటే షాకు కొడుతున్న సంగతి. వదిన ఫారంలో మర్యాద ఉంది, మన్నింపు ఉంది. గడి అడుగు గీత దగ్గర ఆఖరి మాటలు: "అసలు సంగతేమిటంటే".

"మీ తూర్పు వాడవాళ్ళంతా ఇంతేనండీ," అన్నాడు ఇంజనీరు. "వినయంగా మొదలెట్టి అసలు చోట ఆపేస్తారు. అదేదో వాళ్ళ నసుగుడు జబ్బు అనుకున్నా."

ఆఫీసులో అందరూ తెర మీదే చదువుతారన్నది వదిన లెక్క. తెర మీద గడి లోపలి అక్షరాలను జరిపి చూసుకోవచ్చు. కాగితం మీద ఎవరు జరుపుతారు? తన రెండు ముక్కలు ఏనాడూ గడి అంచును తాకలేదు కనుక ఈ సంగతి ఆమెకు కనబడే అవకాశమే లేకపోయింది. "ముందు ఆ దర్జీ ఇంటికి వెళ్ళండి," అని మాత్రం అనగలిగింది.

తన బల్ల దగ్గరికి వచ్చి, గడి పెరగవచ్చు అన్న చోట టిక్కు పెట్టింది. రెప్పపాటు పని. ఇప్పుడు రెండు ఫారాలూ సమానమే. మీటింగులో నోరు మూసుకుంటే తిరిగొచ్చిన పాత ఫారాలు ఎందుకు తిరిగొచ్చాయో ఎవరూ అడగరు. అనుభవాన్ని బట్టి కుర్చీ తనకే రావచ్చు.

నెలాఖరు సోమవారం మీటింగులో మేనేజరు చేతులు రుద్దుకుంటూ మొదలుపెట్టారు. "అనుభవం చూస్తే కొలబద్దగారు. కానీ జనం మాట కూడా ఉందిగా! హస్తవాసి ఉన్న చెయ్యి మన ఆఫీసులో ఉండటం మన అదృష్టం."

అందరూ నవ్వారు. ఆడపడుచు సిగ్గుపడి, బల్ల కింద తన అరచేతిని ఒక్కసారి విప్పి చూసుకుంది.

అది వదిన చూసింది. కుర్చీ పోతే పోనీ అనుకోగలదేమో! ఆ పిల్ల జీవితాంతం ఆ చేతిని అలా చూసుకుంటూ మురిసిపోవడాన్ని మాత్రం ఓర్చుకోలేదు. దాన్ని ఆపాలంటే ఒకటే దారి. ఆ దారి తన పరువు మీదుగా పోతుంది. లేచి రెండు కాగితాలూ బల్ల మీద పెట్టింది.

"వదినా, ఏంటివి?" అంది ఆడపడుచు.

"నీ చేతిలో ఏమీ లేదమ్మా," అంది వదిన. తర్వాత అందరివైపు తిరిగింది. "ఈ రెండింట్లోనూ ఉన్నది ఒకే మనిషి మొర. మా ఆడపడుచు ఫారంలో గడి పెరుగుతుంది. నా ఫారంలో గడి పెరగదు. పట్టినంతవరకే ప్రింటయింది. మిగతాది ఇంజనీరుగారు చదవనే లేదు."