లెక్కలోకి రాని ప్రసాదం

విశ్వంభర్ చాచా భాంగు పాఠం చెబుతుంటే గంగ కూడా కాస్త నెమ్మదిస్తుంది. కాశీలో మా గల్లీలో ఆ పాఠం వినకుండా పెద్దవాడైనవాడు ఒక్కడే ఉన్నాడంటారు. వాడు ఇప్పటికీ ఘాట్ మెట్లకి పేరుపేరునా నమస్కారం పెడుతుంటాడు.

ఆ శివరాత్రి పొద్దున మా పెద్దమ్మ కొడుకు గిరిజాశంకర్ చాచా ముందు కూర్చున్నాడు. సాయంత్రం వాడు గుడి మండపంలో పాడాలి. ఏటా అక్కడ గాయకుడి పీట మీద కూర్చుని వాళ్ల నాన్న పాడేవాడు. ఆయన పోయాక గుడి పెద్ద మహంత్‌గారు వీడికి ఒక్క అవకాశం ఇచ్చారు. బాగా పాడితే పీట ఆ ఇంటిదే, లేకపోతే వేరేవాళ్లది. గిరిజా ఇంట్లో పాడితే పావురాలు గింజలు మానేసి వింటాయి. నలుగురు మనుషులు కనిపిస్తే మాత్రం గొంతు పళ్లు దాటి రాదు.

"కొంచెం వేసుకుంటే వణుకు తగ్గుతుందా చాచా?" అన్నాడు.

చాచా సన్నికల్లు మీద భాంగు ఆకు నూరుతున్నాడు. పొత్రం ఎత్తితే కింది రాయి కూడా అతుక్కుని లేవాలి, అప్పటిదాకా ఆపడు.

"నన్నడిగితే ఇవాళ వద్దంటాను. కొత్తవాడు పనున్న రోజు మొదలెట్టకూడదు. నువ్వెలాగూ వినవు కాబట్టి చెబుతున్నా. శనగగింజలో సగమంత ఉండ, అంతే. ఇది పొగలా వెంటనే ఎక్కదు, కడుపులోంచి నడుచుకుంటూ వస్తుంది. రెండు గంటలు పట్టినా పట్టొచ్చు. ఏమీ కాలేదని ఇంకోటి మింగావనుకో, రెండూ చేతులు పట్టుకుని వస్తాయి. మందు ముట్టకు. పడవెక్కకు. ఒంటరిగా ఉండకు."

"ఎక్కువైతే నిమ్మకాయ పిండాలా చాచా?" అన్నాను నేను.

"నోరు పులుస్తుంది బబ్బన్, అంతకుమించి ఏమీ కాదు. పడుకోబెట్టి పక్కనే కూర్చోవాలి. పిలిస్తే పలక్కపోతే ఆసుపత్రికి మోసుకుపోవాలి."

మధ్యాహ్నం దాటాక గిరిజా సగం గింజంతే మింగాడు. వెంటనే ఇద్దరం గుడికి బయల్దేరాం, తంబురా నా భుజాన. దారిలో మిసిర్ కాకీ తన గుమ్మంలో ఠండాయి గ్లాసుతో, అంటే భాంగు కలిపిన బాదం పాలతో, నిలబడింది.

"చాచా సగం గింజే అన్నారు కాకీ," అన్నాడు గిరిజా.

"అది భాంగు నాయనా. ఇది శివుడికి పెట్టి తెచ్చిన ప్రసాదం."

కాశీలో మంత్రిని కాదనొచ్చు, ప్రసాదాన్ని కాదనలేం. తాగాడు. మలుపులో పాన్ కొట్టు చౌరసియా ఇంకో గ్లాసు చాపాడు.

"ఏం గురూ, శివయ్య ఇచ్చినదీ కొలుచుకుంటావా?"

"ఆగు, రెండు గంటలన్నాడు," అన్నాను.

"నాకింకా ఏమీ తెలియట్లేదురా. అయినా ఇది లెక్కలోకి రాదుగా," అని అదీ తాగాడు గిరిజా.

మండపంలో వాడు పట్టిన మొదటి 'స' అచ్చం వాళ్ల నాన్నదే. మహంత్‌గారు కళ్లు మూసుకున్నారు. వాడు ఆ 'స' వదల్లేదు. ముందు వరుసలో నున్నగా గీయించుకుని వచ్చినాయనకి గడ్డం మొలిచింది. మహంత్‌గారు కళ్లు తెరిచారు. అప్పుడు గిరిజా వెనక తంబురా మీటుతున్న నా వైపు తిరిగి, మైకు చేత్తో నోటి దగ్గరే పట్టుకుని, "బబ్బన్, నేను మొదలెట్టానా?" అన్నాడు.

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"నాన్న వస్తారు. ఆయన పాడతారు. పీట ఖాళీ చేయండి," అన్నాడు వాడు. తర్వాత గుండె ఆగిపోతోందని ఏడుస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంటికి మోసుకొచ్చి పడుకోబెట్టాం. తెల్లారేదాకా చాచా పక్కనే కూర్చుని, పిలుస్తూ, పలికిస్తూ ఉన్నాడు.

పీట వేరేవాళ్లకి వెళ్లింది.

"ఈ కాలం పిల్లలకి హద్దు తెలియదు," అంది మర్నాడు మిసిర్ కాకీ. చౌరసియా తలూపాడు.

"మీరు పోసిందో?" అన్నాను.

"మేమెక్కడ పోశాం? ప్రసాదం పెట్టాం," అన్నాడు చౌరసియా.

చాచా ఇప్పుడు పాఠం చివర ఒక మాట కలిపాడు, ప్రసాదం కూడా కడుపులోకే పోతుందని. అందరూ శ్రద్ధగా వింటారు, విని కాకీ గుమ్మం వైపు నడుస్తారు. ఏడాది తిరిగి ఈ శివరాత్రికి మండపంలో కొత్తాయన పాడుతుంటే ఇంటిదాకా వినిపించింది, గిరిజా లేచి కిటికీ మూశాడు. తర్వాత నా చేతిలోంచి తంబురా తీసుకుని, తీగలన్నీ వదులు చేసి, గోడకి ఆనించాడు.