పళ్ల డాక్టరు పందెం

సైకిల్ పందెం ఈసారి తమ వీధి మీదుగా పోతుందని తెలిసిన రోజు దర్జీకి అన్నం సయించలేదు.

ఆ వీధి బాగా ఎత్తు. కూరల సంచీతో కింది నుంచి వచ్చేవాళ్ళు సగం ఎక్కాక, సరిగ్గా అతని దుకాణం ముందే ఆగి ఆయాసం తీర్చుకుంటారు. పందెం పెట్టేవాళ్ళకు ఆ ఎక్కుడే తెగ నచ్చిందట. పందెం జరిగే ఆదివారమంతా వీధిలోకి బండ్లు రానివ్వరు, దుకాణానికి మనుషులూ రారు. బడిపిల్లల యూనిఫారాలు అప్పజెప్పాల్సింది ఆ మర్నాడే.

"పనీపాటా లేనివాళ్ళు సైకిళ్ళు తొక్కుతుంటే, పనున్నవాళ్ళం తలుపులేసుకుని కూర్చోవాలా?" అని ఇంటింటికీ తిరిగి అడిగాడు.

"నిజమే మాస్టారూ, మరీ అన్యాయం!" అన్నారు అందరూ. అన్నవాళ్ళే సాయంత్రం బజారుకు వెళ్ళి ఈలలు కొనుక్కొచ్చారు.

ఇంట్లో సంగతి అంతకన్నా ఘోరం. ఎక్కడ స్టూలు వేసుకుంటే ఎండ తగలకుండా వీధి మొత్తం కనిపిస్తుందో, అతని అత్తగారు ముందురోజే కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని చూసుకుంది.

"మీరూ రండి అల్లుడుగారూ, మీకూ ఓ స్టూలు వేయిస్తా."

"నాకు మిషను ముందు స్టూలుంది అత్తయ్యగారూ. అది చాలు."

"దానిమీద కూర్చుని కూర్చునే మీ మొహం అలా అయింది," అంది ఆవిడ జాలిగా.

ఆదివారం దర్జీ షట్టరు సగానికి దించి, మిషను ముందు భీష్మించుకు కూర్చున్నాడు. బయట ఈలలు, డప్పుల్లా మోగుతున్న పళ్ళేలు. కాసేపటికి ఉండబట్టలేక, "కాస్త నెమ్మదిగా!" అని చెప్పి వద్దామని షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే ముందు వరసవాళ్ళు రయ్యిమని పోయారు.

"అయిపోయిందా? ఇంతోటి దానికా ఈ హడావిడి?" అంది అత్తగారు. "కళ్ళజోడు తుడుచుకునేలోపే పోయారు కదమ్మా!"

"అసలు తమాషా వెనక వచ్చేవాళ్ళది," అంది దర్జీ భార్య.

ఆమె అన్నట్టే, వెనకవాళ్ళు మనుషుల్లా వచ్చారు. రొప్పుతూ, వీధిని తిట్టుకుంటూ, ఇచ్చిన నీళ్ళు తాగి దండం పెడుతూ. దర్జీ లోపలికి వెళ్ళడం మరిచిపోయాడు. కాదు, గడపలో నిలబడి "వెళ్తున్నా, వెళ్తున్నా" అంటూనే ఉన్నాడు.

అందరికన్నా చివర, వెనకబడ్డవాళ్ళను ఎక్కించుకునే వ్యాను ముందు, ఒకాయన ఎర్రగా కందిపోయి వచ్చాడు. చూస్తే పక్క సందులో పళ్ల డాక్టరు. ఆయన చేత పన్ను పీకించుకోనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. "కొంచెం నొప్పి ఉంటుంది, అంతే" అనేది ఆయన ఊతపదం. ఆ మాట వింటే చాలు, పిల్లలు కుర్చీ దిగి పరుగు.

దుకాణం ముందుకు రాగానే ఆయన సీటు మీంచి లేచి గట్టిగా తొక్కబోయాడు. పర్రుమని శబ్దం. ఒంటికి అతుక్కుపోయిన నిక్కరు వెనక వైపు నిలువునా చిరిగింది. డాక్టరు చటుక్కున దిగి, అరుగు మీద చతికిలబడ్డాడు. వీధంతా ఒక్కసారిగా నవ్వు. ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న పంటినొప్పులన్నీ ఆ నవ్వులో బయటికొచ్చాయి.

"వ్యాను ఎక్కండి సార్," అన్నాడు డ్రైవరు.

"ఎక్కాలంటే లేవాలి కదయ్యా," అన్నాడు డాక్టరు దీనంగా.

దర్జీ ఇంక ఆగలేదు. యూనిఫారం గుడ్డ ఒకటి తెచ్చి ఆయన నడుముకు చుట్టి, లోపలికి నడిపించి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద బోర్లా పడుకోబెట్టాడు. నిక్కరు విప్పమంటే సిగ్గని డాక్టరు ఒప్పుకోలేదు. చేత్తోనే కుట్టాలి. సాగే గుడ్డ, పైగా కింద మనిషి.

సూది చూసి డాక్టరు, "గుచ్చుకుంటుందేమో మాస్టారూ!" అన్నాడు.

"కొంచెం నొప్పి ఉంటుంది, అంతే," అన్నాడు దర్జీ.

షట్టరు బయట అత్తగారి నవ్వు వినిపించింది. డాక్టరూ బల్ల మీదే నవ్వాడు. నవ్వితే కుట్టు వంకర పోతుందని దర్జీ కసిరాడు. చేతికందిన పసుపురంగు లైనింగు గుడ్డతో అతుకు వేసి, దారం తెంపాడు.

"చాలు మాస్టారూ, మీ మేలు మరిచిపోను. ఇక వ్యానులో కూర్చుని వెళ్ళిపోతా."

"వ్యానులో కూర్చోడానికా ఇంత కష్టపడి కుట్టింది? ఎక్కండి సైకిలు!"

పసుపు అతుకుతో డాక్టరు బయటికి రాగానే వీధి హోరెత్తింది. ఎక్కుడులో సైకిలు అటూ ఇటూ ఊగుతోంది. "ఆపకండి! తొక్కండి!" అంటూ దర్జీ పక్కనే పరుగెత్తాడు. మలుపు దగ్గర ఒక చెప్పు ఊడిపోయింది. తీసుకోవడానికి ఆగలేదు. వీధి చివర డాక్టరు దిగుడు దారి పట్టి కనుమరుగయ్యేదాకా అరుస్తూనే ఉన్నాడు. తిరిగొస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికోసమా అని వెనక్కి తిరిగి చూశాడు.

డాక్టరు ఆఖరివాడిగానే అయినా, పందెం పూర్తి చేశాడు. యూనిఫారాలు ఒకరోజు ఆలస్యమయ్యాయి. కొన్నాళ్ళపాటు వీధిలో ఎవరు ఎదురుపడినా నవ్వులే. అత్తగారు చెప్పిన ప్రతిసారీ చిరుగు పొడవు పెరిగింది. తర్వాత చెత్తబుట్ట ఎవరి గుమ్మం ముందుండాలన్న పాత తగాదా మళ్ళీ మొదలైంది గానీ, మధ్యలో ఎవరో ఒకరికి నిక్కరు గుర్తొచ్చి తగాదా సరిగ్గా సాగేది కాదు.

ఒకరోజు వీధివాళ్ళ అభిప్రాయాలు రాసుకోవడానికి పురపాలక కార్యాలయం నుంచి ఒకమ్మాయి వచ్చింది. "పందెం వల్ల మీ సంతోషం పెరిగిందాండీ?" అని అడిగింది. దర్జీ అప్పుడు ఒకాయనకు మెడ కొలత తీస్తున్నాడు.

"సంతోషమా? ఓ రోజు పని పోయింది, ఓ చెప్పు పోయింది, గొంతు వారం రోజులు పోయింది!"

"ఆయన మాటలు పట్టించుకోకమ్మా," అని లోపలి నుంచి భార్య కేకేసింది. "అప్పట్నుంచి ఈల వేసుకుంటూ కుడుతున్నారు."

"మరి వచ్చే ఏడు కూడా ఈ వీధిలోంచే పెట్టమంటారా?"

"పెట్టుకుంటే పెట్టుకోండి, నన్నడగడం దేనికి?" అని, అంతలోనే, "కాకపోతే ఆ పై మలుపు బాగా లేదమ్మా. అక్కడ మనిషి పట్టు తప్పుతాడు. చెబితే నీకర్థం కాదు, చూపిస్తా రా," అంటూ చెప్పులు వేసుకున్నాడు.

మెడకు టేపుతో ఆ పెద్దమనిషి అలాగే నిలబడి చూస్తుండగా, ఇద్దరూ ఎక్కుడు ఎక్కుతూ వెళ్ళిపోయారు.