రెండో పట్టీలో కరుణమ్మ

కూతురు వందన విషజ్వరంతో పోయిన రెండు నెలలకు కరుణమ్మ కూలికి పోవడం మానేసింది. ఆదివారం చర్చికీ పోవడం లేదు. సరిగ్గా అప్పుడే స్టెల్లా ట్యాబ్ పట్టుకుని ఆ ఇంటికి వచ్చింది.

నార్వేలోని ఒక విశ్వవిద్యాలయమూ, మన దేశపు సంస్థ ఒకటీ కలిసి కొనకనమిట్ల చుట్టుపక్కల పల్లెల్లో దిగులు జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాయి. ఊళ్ళోని మనిషికే శిక్షణ ఇచ్చి, వారానికో గంట కూర్చుని మాట్లాడిస్తే జబ్బు మనిషి తేరుకుంటుందా అన్నది వాళ్ళు తేల్చాలనుకున్న సంగతి. స్టెల్లా ఆ ఊరి పిల్లే. డిగ్రీ చదివింది, ఇంగ్లీషు వచ్చు; ఆ శిక్షణ ఆమెకే ఇచ్చారు.

దిగులు ఉన్నవాళ్ళందరినీ కంప్యూటరే చీటీలు తీసినట్టు రెండు పట్టీలుగా విడదీసింది. మొదటి పట్టీ వాళ్ళకు మాటలు. రెండో పట్టీ వాళ్ళకు ఒక కాగితం, మార్కాపురం ఆసుపత్రికి పొమ్మనే సలహా. ఏడాది గడిచాక వాళ్ళకూ మాటలే. పక్కింటి మేకల పోలమ్మ పేరు మొదటి దాంట్లో పడింది. కరుణమ్మ పేరు రెండో దాంట్లో.

మూడో వారం స్టెల్లా పోలమ్మ ఇంట్లోంచి బయటికొస్తుంటే కరుణమ్మ అరుగు మీంచి పిలిచింది.

"ఏమ్మా స్టెల్లా, ఆమె కాడ గంట కూచున్నావు. నా కాడికి రావేంది? నేనేమన్నా అన్నానా నిన్ను?"

"అట్ల కాదు పెద్దమ్మా. అది వాళ్ళ రూలు. నువ్వు మార్కాపురం పోయి చూపించుకో."

"నా బిడ్డ గురించి మార్కాపురంలో ఎవురికి తెలుసు?"

కరుణమ్మతోనూ మాట్లాడొచ్చా అని స్టెల్లా ఆ వారమే వీడియో కాల్‌లో, పరిశోధన నడిపే నార్వే డాక్టరు మారిట్‌ను అడిగింది. మారిట్, "అందరితోనూ మాట్లాడితే, బాగుపడింది మాటల వల్లనో కాలం గడిచినందువల్లనో మనకు తెలియదు. తెలియకపోతే రేపు ఏ ప్రభుత్వమూ దీన్ని నమ్మదు. నాకూ కష్టంగానే ఉంది," అంది. స్టెల్లాకు అది న్యాయంగానే తోచింది. రూలు తప్పలేదు. పోలమ్మ ఇంటికి మాత్రం వెనక సందులోంచి పోవడం మొదలుపెట్టింది.

పోలమ్మ తేరుకుంది. మళ్ళీ మేకలు తోలుకుపోతోంది. కరుణమ్మ మంచం పట్టింది. ఏడో నెలలో, రెండు పట్టీల వాళ్ళనూ అడగాల్సిన ప్రశ్నలతో వచ్చిన స్టెల్లా ఆమె చెయ్యి పట్టుకుని అదిరిపోయింది. పుల్లలా ఉంది. మొగుడు అబ్రహాము తలుపు దగ్గర నిలబడి, "గంజి నోట్లో పోసినా మింగదమ్మా," అన్నాడు. ప్రశ్నలు పక్కన పెట్టి, ఆటో పిలిపించి ఆసుపత్రిలో చేర్పించారు. ఒళ్ళు నీరసించి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరి, మూడో రోజు కరుణమ్మ కన్నుమూసింది.

ఏడాది తిరిగేసరికి పరిశోధన గెలిచింది. మాటలు పనిచేస్తాయని తేలింది. మార్కాపురంలో మీటింగు పెట్టారు, మారిట్ వచ్చింది. చప్పట్లు కొట్టారు. స్టెల్లా చేతులు ఒళ్ళో నుంచి లేవలేదు.

మర్నాడు మారిట్ అబ్రహామును చూడాలంది. ఆయన ఇద్దరికీ మంచం వాల్చి, తాను గడప మీద కూర్చున్నాడు. మారిట్ చెప్పింది స్టెల్లా తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

"పెద్దనాయనా, ఆమె క్షమించమంటాంది. నేను..." అక్కడ ఆపేసింది. ఆ 'నేను' మారిట్ మాటో తన మాటో ఆమెకే తెలియలేదు.

అబ్రహాము పోలమ్మ ఇంటి వైపు గోడ వంక చూశాడు.

"వాళ్ళది తప్పని నేననను. చదువుకున్నోళ్ళు, ఏందో చూసే చేసినారు. ఒక్క మాట చెప్పమ్మా. ఇంకో చోట ఇట్ల చేసేటప్పుడు పక్కపక్క ఇండ్లను విడదీయొద్దని చెప్పు. చేస్తే ఊరు ఊరంతా ఒక దాంట్లో పెట్టమను. ఆ గోడవతల నువ్వు మాట్లాడతాంటే మా ఆమె గోడకు చెవి పెట్టి కూచునేది. ఒక్కోసారి నవ్వులు ఇనపడేవి. నన్నెందుకు ఒద్దనుకున్నారయ్యా అని నన్నడిగేది. ఏం చెప్పేది నేను?"

స్టెల్లా ఒక్కో వాక్యం ఇంగ్లీషులోకి మార్చింది. మారిట్ నోటుపుస్తకం తీసి రాసుకుంది. రాస్తూ రాస్తూ ఆపేసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకుంది.

తర్వాతి పరిశోధన దర్శి వైపు మొదలైంది. అందులో పట్టీలు ఊళ్ళవారీగా వేశారు. స్టెల్లాను అక్కడికి రమ్మని పిలిచారు. ఆమె పోలేదు. రెండో పట్టీలో మిగిలిన ఇరవైరెండు ఇళ్ళకు, ముందు చెప్పినట్టే, మాట్లాడించడానికి తిరిగింది. అబ్రహాము ఏ పట్టీలోనూ లేడు. అయినా మంగళవారం మంగళవారం ఆ గడప దగ్గర కూర్చుంటుంది. మొదటి మూడు వారాలు ఆయన వందన పేరెత్తలేదు, కరుణమ్మ పేరూ ఎత్తలేదు. వానల గురించే మాట్లాడాడు.