కాలి కింద మన్ను

మోంజె ఊరి సంతలో బొగ్గులమ్మే బినా ల్వీందోకు పక్కింట్లో కొత్తగా అద్దెకు దిగిన న్చిమున్యా మీద అనుమానం పుట్టింది. రోజూ పొద్దు వాలేవేళకు న్చిమున్యా చీపురు, సంచి పట్టుకొని వచ్చేది. బొగ్గు కుప్ప చుట్టూ రాలిన పొడిని మట్టితో సహా ఊడ్చుకుపోయేది. "పోనీలే, నాకు ఊడ్చే పని తప్పింది" అనుకుంది మొదట్లో బినా ల్వీందో. ఆ తరువాత బేరాలు పడిపోయాయి.

పక్కన ఎండుచేపలమ్మే మిజింగా గొంతు తగ్గించి అన్నది.

"పిచ్చిదానా! అమ్ముకునేవాళ్ళ కాలి కింద మన్ను ఎవరైనా ఊరికే ఎత్తుకుపోతారా? నీ అదృష్టాన్ని మూటగట్టుకుపోతోంది."

 మర్నాడు బినా ల్వీందో బొగ్గులు మిజింగాకు అప్పగించి నేరుగా న్చిమున్యా పెరట్లోకి నడిచింది. అక్కడ కొత్తగా తవ్వి పూడ్చిన మడి ఒకటి మనిషి పొడవున, ఎత్తుగా కనిపించింది.  గోడకు చేరవేసిన పార అందుకొని తవ్వసాగింది.

"అక్కా! నా మడి!" అంటూ న్చిమున్యా ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏం పూడ్చావే ఇక్కడ?"

"నీ బొగ్గు పొడే. పేడ, మొక్కజొన్న చొప్ప కలిపాను."

"ఎవరి మీద చేతబడి చేయించావు?"

"ఇంకెవరి మీద, ఈ బంకమట్టి మీద! వానొస్తే చెప్పులు లాక్కుంటుంది, ఎండకాస్తే నెర్రెలిస్తుంది. ఇసుక కలిపితే ఇటుకైంది. ఇప్పుడు చూడు."

న్చిమున్యా మడిలోంచి గుప్పెడు తీసి ఆమె చేతిలో పెట్టింది. పిసికితే పొడిపొడిగా రాలింది. బినా ల్వీందో వాసన చూసింది. పేడ వాసనే. అయినా మనసు ఒప్పుకోలేదు.

"మరి నా బేరాలెందుకు పోయాయి?"

"కరెంటు కోతలు ఆగిపోయాయి కదక్కా! ఊరంతా కరెంటు పొయ్యి మీదే వండుతోంది. నేనూ అంతే."

"నువ్వూనా! పొడికి నేను, వంటకు కరెంటా?"

న్చిమున్యా నవ్వింది. బినా ల్వీందో నవ్వలేదు. తవ్విపోసిన మట్టిని కాలితో మడిలోకి నెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు బొగ్గు కుప్ప కింద గోనెపట్టా పరిచింది.

"దీని మీద రాలిన పొడే తీసుకో. నా కాలి కింద మన్ను ముట్టావంటే ఊరుకోను" అన్నది.

వానలు పడ్డా ఆ మడి బిగుసుకోలేదు. ఆకుకూర ఏపుగా పెరిగింది. తొలి కోత కోసి, వేరుశనగ పొడి వేసి వండి, న్చిమున్యా గిన్నెతో తెచ్చింది. బినా ల్వీందో ఆమెను కూర్చోబెట్టి గిన్నె ఆమె ముందుకే నెట్టింది.

"ముందు నువ్వు తిను."

న్చిమున్యా తిన్నది. ఆమె మింగేదాకా చూసి, బినా ల్వీందో చేయి కడుక్కొని గిన్నె తన దగ్గరకు లాక్కుంది.