ఉతకని చొక్కా చేయి

పన్నెండో ఎలుకను చొక్కా చేతిలోకి ఎక్కించాడు. తన పాత చొక్కా నుంచి కత్తిరించి, ఒక కొస కుట్టేసుకున్న గుడ్డ అది. ఆయన చెమట వాసన తగిలితే ఎలుకలు బెదరవు. ముక్కు ముందు పెట్టి దూరిపోతాయి, తోక బయటే ఉంటుంది. ఆ తోకకు ఉంగరమంత పట్టీ తొడిగితే యంత్రం రక్తపోటు చూపిస్తుంది. కొత్తవాళ్లు ముట్టుకుంటే భయానికే అంకె ఎగబాకుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆ పరిశోధనశాలలో ఎలుకలను పట్టడానికి ఆయన చేతినే నమ్ముతారు.

పొద్దుటి నుంచి తల వెనక ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుంది.

"నూట అరవై," అన్నాడు. పరిశోధన చేసే డాక్టరమ్మ రాసుకుంది.

తర్వాతి బోనులోది నూట పది దాటలేదు.

"దీనికీ పోటు పెంచే ఆ ఉప్పునీళ్లేగా పడుతున్నాం అమ్మా? ఒంటబట్టలేదేం?"

"దీనికి పుట్టుకతోనే కొన్ని కాపలా కణాలు లేవు బాబాయ్. రోగాల మీదికి దూకాల్సినవి, రక్తనాళాల గోడల్లో చేరి వాపు తెస్తాయి. గోడలు బిగుసుకుంటే పోటు పెరుగుతుంది."

"అయితే నావీ పీకి పారేయండి, పీడా పోతుంది."

"పీకేస్తే జలుబుకే పోతావు. నీ పోటు మాత్ర వేసుకున్నావా?"

"ఆఁ."

వేసుకోలేదు. రోజూ భార్య కాగితంలో మడిచి ఇచ్చే మాత్ర వారంగా జేబులోకే పోతోంది. అది వేసుకుంటే గంటకోసారి ఒంటేలుకు లేవాలి. మధ్యలో లేస్తే ఎలుక బెదిరిపోతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది.

డాక్టరమ్మ ఆయన ముఖం వంక చూసింది. "కందగడ్డలా అయ్యావేం? పద, కింద ఆసుపత్రిలో చూపించుకుందాం."

"నాలుగే ఉన్నాయమ్మా. ఇప్పుడు చేయి మారితే మూడు నెలల పని మట్టిపాలు."

ఆవిడ కాసేపు తటపటాయించింది. "సరే, త్వరగా కానీ."

ఎడమ చేతి వేళ్లకు ఎలుక బొచ్చు తెలియడం లేదు. కుడిచేత్తోనే లాగించాడు. ఒకటి. రెండు. మూడు. చివరి తోకకు పట్టీ తొడిగి, గోడకు చేరగిలబడ్డాడు.

"నూట పన్నెండు," అన్నాడు, మాట కాస్త ముద్దగా.

ఆవిడ రాసుకుని తలెత్తింది. "అయిపోయింది. లే బాబాయ్."

ఆయన లేవలేదు. ఒళ్లో ఎలుక మాత్రం బెదరక, గుడ్డలోనే పడుకుని ఉంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన ఆయన బట్టల జేబులో ఏడు పొట్లాలు దొరికాయి. భార్య వాటిని ఒక్కొక్కటే విప్పి చూసి, మళ్లీ మడిచింది.

వారం తర్వాత ఎలుకల గదికి ఆయన బదులు కొత్త మనిషి వచ్చాడు. "ఛీ, కంపు," అంటూ ఆ గుడ్డను ఉతికే బట్టల్లో పడేశాడు. డాక్టరమ్మ వంగి దాన్ని తీసి, దులపకుండానే మేకుకు తగిలించింది. మోచేతి దగ్గర మడత ఇంకా అలాగే ఉంది.